కార్యాలయ పరిధిలోకి రాని నిప్పు

ప్రీమియం హస్తకృత సిగార్ల రుచి నిర్ధారణ సంస్థలో పదకొండేళ్లుగా ఎవరూ ఒక్క సిగార్ కూడా వెలిగించలేదు. ఇందులో నిర్లక్ష్యం ఏమీ లేదు. సంస్థ భవనం ప్రభుత్వానిది. ప్రభుత్వ భవనంలో నిప్పు, పొగ నిషిద్ధం. పరిశీలనను భవనం వెలుపల జరిపితే అది పరిశీలన కాక కాలక్షేపం అవుతుందని సంస్థ తొలి సంవత్సరంలోనే తీర్మానించింది. ఈ మూడు మాటలూ విడివిడిగా సరైనవే. వాటిని పక్కపక్కన పెట్టి చదివే బాధ్యతను మాత్రం ఏ విభాగానికీ అప్పగించలేదు.

అందువల్ల రుచిని వెలిగించకుండానే నిర్ధారించేవారు. దీనికి అజ్వలిత ఆస్వాదన అని పేరు. ఐదుగురు పరిశీలకులు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని, వెలిగించని సిగార్‌ను నోట పెట్టుకుని నలభై నిమిషాలు నిశ్శబ్దంగా గడుపుతారు. అటెండరు గంట కొడితే మొదటి మూడో వంతు కాలిపోయినట్లు. రెండో గంటకు మధ్య భాగం కూడా అయిపోయినట్లు. మూడో గంటకు అందరూ కలిసి ఖాళీ పళ్లెంలోకి చూసి, బూడిద తెల్లగా ఉందా, బిగువుగా నిలిచిందా అన్న గడులు నింపుతారు. ఆ తరువాత రుచి అనే పెద్ద గడిలో ఒక మాట రాస్తారు. ఆ మాటను ఆమోదిత జాబితాలోని నలభై మాటల్లోంచే ఎంచుకోవాలి. జాబితాను ఏదో విదేశీ పుస్తకం చూసి తయారుచేశారు. దేవదారు, తడిసిన తోలు, కాఫీ గింజ, పాత ఓక్ పీపా, ఇలా సాగి ముప్పై ఏడో అంకె దగ్గర ఘాటు అన్న మాట వస్తుంది. ఘాటు అని ఎప్పుడూ ఎవరూ రాయలేదు. అది కాస్త నాటుగా ఉంటుందని అందరి అభిప్రాయం.

పరిశీలకుల్లో పెద్దవాడు చావలి విశ్వపతి. తత్త్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాడు. ఆ పట్టాకు తగిన ఉద్యోగం లోకంలో లేకపోవడం వల్ల ఇక్కడ చేరాడు. సన్నగా, తక్కువ మాటలతో, ఏ ప్రశ్న వేసినా ముందు తనకే వేసుకుని చూసుకునే మనిషి. జీవితంలో పొగ తాగలేదు. ఓక్ పీపాను చూడలేదు. అయినా ఇంతవరకు మూడు వేల రుచి పత్రాలపై సంతకం చేశాడు. ప్రత్యక్షంగా తెలిసినది ఏది, ఊహించినది ఏది, ఇతరులు చెప్పగా నమ్మినది ఏది అని పాత తార్కికులు జ్ఞానాన్ని వర్గీకరించిన పుస్తకాలు ఇంట్లో అతని మంచం పక్కనే ఉంటాయి. తన మూడు వేల పత్రాలు ఈ వర్గాల్లో దేని కిందికి వస్తాయన్న ప్రశ్నను చాలాకాలంగా రేపటికి వాయిదా వేస్తున్నాడు.

ఆ రేపు అప్పలనరసమ్మ రూపంలో వచ్చింది.

ఎండుచేపల సంతకు ఆనుకుని ప్రభుత్వ స్థలంలో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో పద్నాలుగు మంది ఆడవాళ్లు కూర్చుని చుట్టలు చుడతారు. వాళ్లలో పెద్దది పాలవలస అప్పలనరసమ్మ. వయసు అరవై ఐదు దాటింది. ఆకును నీటితో తడిపి, ఈనె తీసి, లోపలి ఆకులను ఒకదాని మీద ఒకటి వదులుగా మడిచి, పై ఆకును పీటమీద పరిచి ఒక్క చుట్టుకు తిప్పుతుంది. తరువాత చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా నొక్కి వింటుంది. లోపల గాలికి దారి ఉంటే ఒక రకంగా, లేకపోతే మరో రకంగా మోగుతుందట. దారి లేనిదాన్ని విప్పేసి మళ్లీ చుడుతుంది. ఈ పరీక్షకు సంస్థ పత్రాల్లో గడి లేదు.

ఆ ఏడు ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి శ్రేష్ఠ శ్రేణి పొందిన హస్తకళాకారులకే షెడ్డు. లేకపోతే ఆ స్థలంలో చుట్టలు చుట్టే యంత్రం పెడతారు. యంత్రంతో చేసినవి హస్తకృతం ఎలా అవుతాయని ఎవరో అడిగితే, మీట నొక్కేది చేతితోనే కదా అని సమాధానం వచ్చింది. శ్రేష్ఠ శ్రేణికి నిబంధన ఒక్కటే. ఐదుగురు పరిశీలకులూ రుచి గడిలో ఒకే మాట రాయాలి. పదకొండేళ్లలో అలా ఒక్కసారీ జరగలేదు.

షెడ్డు తరఫున అప్పలనరసమ్మ పంపిన చుట్టలకు బంగారు కాగితపు ఉంగరాలు తొడిగి, వాటిని సిగార్లుగా నమోదు చేసి, బల్ల మీద పెట్టారు. ఐదుగురూ నోట పెట్టుకున్నారు. ఐదుగురికీ ఒకటే తెలిసింది. ఎండుచేప. ఏళ్ల తరబడి సంత పక్కనే ఆరిన ఆకు కనుక అది సహజమే. కాని ఎండుచేప ఆమోదిత జాబితాలో లేదు. ఉన్న నలభైలో దానికి దగ్గరి మాట కోసం ఎవరికి వారు వెతుక్కున్నారు. ఒకరు తడిసిన తోలు అన్నారు, ఒకరు సముద్రపు గాలి, ఒకరు కాఫీ గింజ, ఒకరు దేవదారు. విశ్వపతి చాలాసేపు ఆలోచించి జీడిపప్పు అని రాశాడు. ఎందుకు రాశాడో అతనికీ తెలియదు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో ఉప్మాలో వేశారు.

ఐదు మాటలూ ఐదు రకాలు కావడంతో రుచిలో నిలకడ లేదని, శ్రేష్ఠ శ్రేణి తిరస్కరించడమైనదని పత్రం వెళ్లింది.

మూడో రోజున అప్పలనరసమ్మ అప్పీలుకు వచ్చింది. అప్పీలుకు వచ్చిన తయారీదారు తన వస్తువును వాడే విధానాన్ని స్వయంగా ప్రదర్శించవచ్చునని నియమావళి చెబుతుంది. గేటు దగ్గర కాపలావాడు ఆమె సంచి వెతికి అగ్గిపెట్టె తీసుకుని లోపలికి పంపాడు. డైరెక్టర్ పేరిచర్ల రామభద్రరాజు, లా ఆఫీసర్ కస్తూరి, ఐదుగురు పరిశీలకులు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఆమెను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇరవై ఐదు నిమిషాలు విచారణ నడిచింది. ఆకు ఎక్కడిది, ఎన్ని రోజులు ఆరబెడతారు, చుట్టేవారి చేతులు కడుగుతారా అని అడిగారు. ఆమె అన్నింటికీ సమాధానం చెప్పింది. మాటలు కొంచెం ముద్దగా వస్తున్నాయి. అది ఆ ప్రాంతపు యాస అని కమిటీ భావించింది. చివరికి డైరెక్టర్ ఆమె వస్తువులో రుచి ఉన్నట్లు ఆధారం ఏమిటని అడిగారు.

"కాల్సకుండా రుసెలా తెలుస్తాది బాబూ," అంది అప్పలనరసమ్మ. "ఇదిగో, ఇలగ."

నోరు తెరిచి లోపలినుంచి సగం కాలిన ఒక పొట్టి చుట్టను బయటికి తీసింది. నోట్లోంచి వచ్చిన కొస ఎర్రగా వెలుగుతోంది.

అడ్డపొగ అంటే అదే. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని తాగడం. ఆ తీరంలో ముసలి ఆడవాళ్లకు అది పాత అలవాటు. చేతులు పనిలో ఉన్నా నిప్పు ఆరదు, గాలి వీచినా ఆరదు, ఎవరికీ కనబడదు. మానేయమని వైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు. విశ్వపతి ఆ మాట విన్నాడు కాని చూడలేదు. అతని పక్కనున్న పరిశీలకుడు కుర్చీతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు. డైరెక్టర్ నిప్పు ఎప్పటి నుంచి ఉందని అడిగారు.

"గేటు కాడ నుంచీ ఉన్నాది బాబూ. ఆరిపోతే మళ్లీ ముట్టించనిత్తారో నేదోనని నోపలే ఉంచీసినాను."

నిబంధన ప్రకారం భవనాన్ని ఖాళీ చేయించాలి, పోలీసులకు చెప్పాలి. కాని పైకప్పుకు బిగించిన పొగ గంట మోగలేదు. ఆ గంట అసలు పనిచేస్తోందా అన్నది మరో శాఖ పరిధిలోని ప్రశ్న. డైరెక్టర్ లా ఆఫీసర్ వైపు చూశారు. లా ఆఫీసర్ కళ్లజోడు తుడుచుకుని రెండు రోజుల వ్యవధి కోరారు.

రెండు రోజుల తరువాత వచ్చిన న్యాయాభిప్రాయాన్ని విశ్వపతి మూడుసార్లు చదివాడు. అందులో తర్కదోషం దొరకకపోవడం అతన్ని ఎక్కువ కలవరపరిచింది. దాని సారం ఇది. భవనం అనగా గోడలు, పైకప్పు, నేల మధ్యనున్న ఆవరణ. సదరు మహిళ నోరు ఈ మూడింటిలో దేనికీ చెందదు. నోటి అంతర్భాగం వ్యక్తి స్వాధీనంలోని స్థలం గనుక అందులోని నిప్పు కార్యాలయ పరిధిలోకి రాదు. ధ్రువీకృత పరికరమైన పొగ గంట మౌనం వహించడం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తున్నది. నాసికా మార్గంలో వెలువడునది శ్వాస. శ్వాసించుటను ప్రభుత్వం ఏ భవనంలోనూ నిషేధించలేదు.

డైరెక్టర్ ఆ కాగితాన్ని పట్టుకుని సమావేశం పెట్టారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. పదకొండేళ్లుగా ఈ సంస్థ నిప్పు లేకుండా రుచి చూస్తున్నదని పత్రికలు ఎగతాళి చేస్తున్నాయని, ఇకపై నిప్పుతోనే, నిబంధనకు ఇసుమంత భంగం లేకుండా రుచి చూడవచ్చునని చెప్పారు.

"ఇందుమూలముగా అజ్వలిత ఆస్వాదన రద్దయినది. నేటి నుంచి ముఖాంతర జ్వలనమే, అనగా నోటి లోపలి నిప్పే, సంస్థ యొక్క ఏకైక శాస్త్రీయ విధానము. అప్పీలు పునఃపరిశీలన పన్నెండు రోజుల్లో. ఆలోపు పరిశీలకులందరూ శిక్షణ పొందవలెను."

పరిశీలకుల్లో ఒకాయన తాను ఈమధ్యే కట్టుడు పన్ను పెట్టించుకున్నానని విన్నవించుకున్నాడు. కట్టుడు పన్ను ప్రైవేటు ఆస్తి అని డైరెక్టర్ గుర్తుచేశారు.

ఆ మరునాటి నుంచి ఉత్తర్వులు వరుసగా వచ్చాయి. సిగార్‌కు నోట పెట్టుకునే కొస శిరస్సు అని, వెలిగించే కొస పాదం అని నియమావళిలో ఉంది. ఇప్పుడు వెలిగించినదే నోట్లోకి పోతుంది గనుక ఇకపై శిరస్సు అనగా పాదం అని చదువుకోవలెనన్నారు. బంగారు ఉంగరం ఇప్పుడు బయటి కొసన ఉండి సంస్థ ముద్ర ఎప్పుడూ కనబడుతుందని ప్రచార విభాగం సంతోషించింది. అగ్నిమాపక శాఖ, నోళ్లకు ఆర్పే సాధనాలు ఉన్నాయా అని లేఖ రాసింది. ఒక్కొక్కరి ముందు ఒక గ్లాసు నీళ్లు పెట్టి, వ్యక్తిగత అగ్నిమాపక సాధనములు సమకూర్చబడినవి అని జవాబిచ్చారు. నోరు తెరిస్తే నిప్పు కార్యాలయంలోకి వస్తుంది కనుక పరిశీలన సమయంలో మాట్లాడటం, నవ్వడం, ఆవులించడం నిషేధించారు. అభ్యాసంలో ఒక పరిశీలకుడు తుమ్మాడు. తన స్వాధీనమందలి నిప్పును అనుమతి లేకుండా కార్యాలయ పరిధిలోకి విడుదల చేసినందుకు సంజాయిషీ చెప్పవలసిందిగా అతనికి మెమో వచ్చింది. సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వనిచ్చారు. మాట్లాడే స్థితిలో అతను లేడు.

వారం తిరిగేసరికి పరిశీలకుల నాలుకలు బొబ్బలెక్కాయి. క్యాంటీన్లో పెరుగన్నం తప్ప మరేదీ చెల్లడం లేదు. విధి నిర్వహణలో నాలుక గాయం అనే కొత్త సెలవు శీర్షిక తెరిచారు. సెలవు మాత్రం పునఃపరిశీలన తరువాతే.

విశ్వపతి మొదటి రోజే నాలుక కాల్చుకున్నాడు. రెండో రోజు సాయంత్రం ఆఫీసు వదిలాక నేరుగా షెడ్డుకు వెళ్లాడు. అప్పలనరసమ్మ అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. పీట చూపించి కూర్చోమంది. మిగతా ఆడవాళ్లు పని ఆపకుండానే ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఆపీసరుబాబు అడ్డపొగ నేర్సుకోడానికి వొచ్చినాడు అని ఒకతె గట్టిగానే అంది. ముందు దొరగోరికి అగ్గిపుల్ల గియ్యడం వొచ్చునో నేదో కనుక్కోయే అని ఇంకొకతె అందుకుంది. విశ్వపతికి నిజంగానే రాదు. మూడు పుల్లలు విరిచాడు.

నాలుకను కింద పడుకోబెట్టాలని, నిప్పును దేనికీ తగలనీయకుండా నోటి మధ్యలో నిలపాలని, పెదవులు బిగించకూడదని, అన్నిటికన్నా ముందు భయపడకూడదని అప్పలనరసమ్మ చెప్పింది. భయపడితే నాలుక లేస్తుందట. లేస్తే కాలుతుందట.

"నిప్పుని తోసెయ్యకు బాబూ, పట్టుకోకు. దాని మానాన దాన్ని ఉండనీ."

ఇదే మాటను అతను పుస్తకాల్లో అనేక విధాలుగా చదివాడు. మనసు గురించి, కోరిక గురించి, మరణం గురించి. చుట్ట గురించి చదవలేదు. రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. నిప్పు ఆరిపోయేది, లేదా అతను ఉమ్మేసేవాడు. అతను విఫలమైతే ఈ షెడ్డు ఉండదని ఆమె ఒక్కసారీ అనలేదు. కాని షెడ్డు మూలన యంత్రం కోసం కొలతలు తీసి సున్నంతో గీసిన గీత ఉంది. ఆడవాళ్లు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడుస్తున్నారు. విశ్వపతి దాన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నించి ప్రతిరోజూ చూశాడు.

ఎనిమిదో సాయంత్రం అతని నోటిలో నిప్పు నాలుగు నిమిషాలు నిలిచింది. ఆ నాలుగు నిమిషాల్లో అది ఆరకుండా చూడటం తప్ప మరేదీ తెలియలేదు. తరువాతి రెండు సాయంత్రాలూ అంతే.

పునఃపరిశీలన రోజు వచ్చింది. ఐదుగురూ కిటికీ వైపు తిరిగి, శ్వాస బయటికి పోయేలా అర్ధచంద్రాకారంలో కూర్చున్నారు. గ్లాసుల్లో నీళ్లు నింపారు. అప్పలనరసమ్మను గది వెలుపల బల్ల మీద కూర్చోబెట్టారు. మొదటి గంట కొట్టగానే గదిలో ఎవరి ముఖమూ ఎవరూ చూడలేకపోయారు. కళ్లలో నీళ్లు, బిగిసిన దవడలు, ఒకాయన చేతిలో పెదవుల దాకా ఎత్తిన అగ్నిమాపక సాధనం. డైరెక్టర్ చేతులు వెనక్కి కట్టుకుని, విజ్ఞానం కోసం జరిగే త్యాగాన్ని చూస్తున్నవాడిలా అటూ ఇటూ నడుస్తున్నారు.

విశ్వపతి కళ్లు మూసుకున్నాడు. నాలుక కిందికి వెళ్లింది. నిప్పు తన మానాన తాను నిలిచింది. దాన్ని కాపాడాలన్న ఆలోచన ఎప్పుడు పోయిందో తెలియదు. అది పోయిన చోటికి రుచి వచ్చింది.

మొదట తీపి. తీపి అని అనుకునేలోగానే అది వెనక్కి తగ్గింది. తగ్గిన చోట చేదు, చేదు వెనుక ఏదో పచ్చిది, ఏటి ఒడ్డున తడి మట్టిలో కాలు పెట్టినప్పటిది. అది కూడా ఉండలేదు. చివర ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం శుభ్రంగా, ఇప్పుడే ఊడ్చిన గదిలా ఉంది. ఇందులో దేవదారు లేదు, తోలు లేదు. ఎండుచేప జాడ లేదు. నలభై మాటల్లో ఒక్కటీ దానికి చాలదు. యాభై నాలుగేళ్ల వయసులో తనకు ఒక విషయం స్వయంగా తెలిసిందని విశ్వపతి గ్రహించాడు. ఊహించలేదు, ఎవరూ చెప్పలేదు, తెలిసింది.

మూడో గంట మోగింది. అందరూ నీళ్లు తాగారు. పత్రాలు చిన్నవారి నుంచి పెద్దవారి వరకు వరుసగా ఇవ్వడం ఆచారం. డైరెక్టర్ మొదటి పత్రం అందుకుని ఘాటు అని చదివారు. రెండోది చదివి ఆగి, మళ్లీ చూసుకున్నారు. అదీ ఘాటు. మూడోదీ, నాలుగోదీ అదే. బొబ్బలెక్కిన నాలుక మీద మరో మాట నిలవదు. డైరెక్టర్ సంస్థ చరిత్రలో తొలిసారి నలుగురు పరిశీలకులు ఏకీభవించారని, విశ్వపతి గారి పత్రం ఒక్కటే మిగిలిందని ప్రకటించారు.

విశ్వపతి పత్రం ఇంకా ఖాళీగా ఉంది.

నిజం రాయాలంటే పక్కన ఇతరములు అన్న గడి ఉంది. అందులో ఎన్ని మాటలైనా రాయవచ్చు. రాస్తే అది సంస్థ రికార్డుల్లోకి ఎక్కే మొదటి నిజమైన రుచి. దానితో ఐదుగురి మాట ఒకటి కాకుండా పోతుంది. ఒకటో తేదీకి సున్నపు గీత మీద యంత్రం నిలబడుతుంది. తెలియనిదాన్ని మూడు వేలసార్లు తెలిసినట్లు రాసినప్పుడు ఆగని కలం, తెలిసినదాన్ని దాచవలసి వచ్చినప్పుడు ఆగింది. రెండింటిలో ఏది పెద్ద అబద్ధమో నిర్ణయించడానికి తార్కికుడికైతే ఒక రాత్రి పడుతుంది. అతనికి డైరెక్టర్ ఇచ్చినది గడియారంలో ఒక నిమిషం. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట బల్ల మీద అప్పలనరసమ్మ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. పని లేని చేతులు ఎలా ఉంచుకోవాలో తెలియనట్లు ఒకదానితో ఒకటి నిమురుకుంటోంది.

విశ్వపతి ఘాటు అని రాసి సంతకం చేశాడు.

శ్రేష్ఠ శ్రేణి పత్రాన్ని తానే షెడ్డుకు తీసుకువెళ్లాడు. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఇద్దరు చీపుళ్లు తెచ్చి సున్నపు గీతను ఊడ్చి పారేశారు. సందడి సద్దుమణిగాక అప్పలనరసమ్మ పత్రాన్ని తలకిందులుగా పట్టుకుని, ఇందులో ఏం రాశారని అడిగింది. ఘాటు అని రాశామన్నాడు.

"ఘాటేటి?" అందామె. ముఖం చిన్నబోయింది. "నా సుట్ట ఘాటుంతాదని ఇన్నాళ్లలో ఒక్కడూ అన్నేదు బాబూ."

ఘాటు కాదని తనకు తెలుసునన్నాడు విశ్వపతి. తెలిసినదాన్ని రాసి ఉంటే షెడ్డు పోయేదని చెప్పాడు. ఆమె పద్నాలుగు పీటల వైపూ ఒకసారి చూసింది.

"అయితే ఘాటే బాబూ," అంది. పత్రాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

అతను వెళ్లలేదు. పన్నెండు రోజులుగా అడగాలనుకుంటున్నది ఇప్పుడు అడిగాడు. ఇన్నేళ్లుగా తాగుతున్నదానివి, నీకు దీని రుచి ఎలా ఉంటుందమ్మా అన్నాడు. ఆమెకైనా దానికి ఒక మాట తెలిసి ఉంటుందని, ఆ మాట వింటే తన మనసు నెమ్మదిస్తుందని అతని ఆశ.

"నానేటి సెప్పగలను? సేతులేమో ఆకు మీద ఉంతాయి, మనసేమో నిప్పు ఆరిపోకుండా సూసుకుంతాది. రుసి ఎప్పుడు సూడాల? బాగున్నాదో నేదో నాకు తెల్దు బాబూ. కొన్నోడు రెండోపాలి వొచ్చి అడిగితే బాగున్నాదనుకుంతాను."

విశ్వపతి చేయి చాచాడు.

"ఇంకొకటి ఇవ్వమ్మా," అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. గంపలో పైనున్నదాన్ని కాకుండా, అడుగు నుంచి ఒకటి తీసి, చెవి దగ్గర నొక్కి విని, అతని చేతిలో పెట్టింది. అతను ఒకే పుల్లతో ముట్టించాడు. అలవాటు చొప్పున నిప్పున్న కొసను నోటి వైపు తిప్పుకున్నాడు. అప్పలనరసమ్మ అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇది మీ ఆపీసు కాదు బాబూ. నిప్పు బయటే ఉండనీ."